చెయ్యెత్తే హక్కు

బాప్టిస్టు పద్ధతిలో బిషప్పు లేడు. పైనుంచి సంఘానికి ఉత్తర్వులు పంపే పీఠమూ లేదు. పాస్టరును పిలవాలన్నా, సాగనంపాలన్నా, మందిరానికి కొత్త కప్పు వెయ్యాలన్నా, కానుకల డబ్బు దేనికి ఖర్చు పెట్టాలన్నా ఆ సంఘ సభ్యులే కూర్చుని తేల్చుకోవాలి. విశ్వసించి బాప్తిస్మం పొంది సభ్యత్వ పుస్తకంలో పేరున్న ప్రతి ఒక్కరికీ ఒక ఓటు. ఊరి మోతుబరికైనా, కూలికి వెళ్లే మనిషికైనా ఒకటే లెక్క. క్రైస్తవ శాఖల్లో ఇంత సూటిగా అధికారాన్ని సభ్యుల చేతిలో పెట్టినవి తక్కువ. ఆ సభ్యుల్లో ఎక్కువ మంది చాలాచోట్ల స్త్రీలే. అయినా సంఘం తీసుకునే నిర్ణయాల్లో వాళ్ల మాట ఎంతవరకు చెల్లుతుందన్న ప్రశ్న బాప్టిస్టులను నాలుగు వందల ఏళ్లుగా వెంటాడుతోంది.

ఈ చరిత్రలో మూడు విషయాలు పెనవేసుకుని ఉన్నాయి: ఓటు, డబ్బు, ప్రసంగ వేదిక. ఓటు కాగితం మీద చాలా ముందే వచ్చింది. వేదిక కోసం తగవు నేటికీ తెగలేదు. స్త్రీల మాటకు నిజంగా బరువు తెచ్చింది మాత్రం డబ్బు. తాము కూడబెట్టిన దాన్ని తామే ఖర్చు పెట్టుకునే ఏర్పాటు ఉన్నంతకాలం వాళ్లను అడగకుండా పని జరగలేదు. ఆ ఏర్పాటు పోయిన చోట ఓటు ఉన్నా మాట పలచబడింది.

మొదటి సంఘాలు

బాప్టిస్టు శాఖ మొదలైంది ఆంస్టర్‌డాంలో, 1609లో. ఇంగ్లండు రాజ్యమతాన్ని కాదని అక్కడికి చేరిన జాన్ స్మిత్ బృందం, పసిపిల్లలకిచ్చే బాప్తిస్మం చెల్లదని, తెలిసి నమ్మినవారికే ఇవ్వాలని తేల్చింది. ఆ నిర్ణయంలోనే స్త్రీల హక్కుకు పునాది ఉంది. పుట్టుకతోనో, తండ్రి పేరుతోనో, భర్త పేరుతోనో ఎవరూ సంఘంలో చేరలేరు. ప్రతి స్త్రీ తన విశ్వాసాన్ని తన నోటితో సంఘం ఎదుట చెప్పుకోవాలి. అలా చెప్పుకొని చేరిన మనిషిని సంఘ విషయాల్లో నోరు మూసుకోమనడానికి ఆ సిద్ధాంతంలో చోటు దొరకడం కష్టం.

కష్టమే అయినా చోటు వెతికారు. 17వ శతాబ్దపు ఇంగ్లిషు బాప్టిస్టు సంఘాల కూటాలు దీన్ని పనిగట్టుకుని చర్చించాయి. స్త్రీ తన సాక్ష్యం చెప్పవచ్చు, తప్పు చేస్తే ఒప్పుకోవచ్చు, కానీ బోధించకూడదు, సంఘం మీద అధికారం చూపే తీరున మాట్లాడకూడదు అని గీత గీశాయి. అందుకు ఆధారంగా కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయాన్ని, తిమోతికి రాసిన మొదటి పత్రిక 2వ అధ్యాయాన్ని చూపారు. అవతలివాళ్లు క్రీస్తులో స్త్రీపురుష భేదం లేదన్న గలతీ పత్రిక మాటను, రోమా పత్రిక చివర పౌలు గౌరవంగా పేర్కొన్న ఫీబేను, ప్రిస్కిల్లను ముందుకు తెచ్చారు. నాలుగు శతాబ్దాలు గడిచినా ఇరుపక్షాలు విప్పుతున్నవి దాదాపు అవే పేజీలు.

వాదం అలా నడుస్తుండగానే స్త్రీలు తమ పని చేసుకుపోయారు. బ్రిస్టల్ నగరంలో డోరతీ హజార్డ్ అనే ఆమె సాక్షాత్తూ ఒక పారిష్ గురువు భార్య. భర్త నడిపే రాజ్యమతపు ఆరాధనకు వెళ్లనని 1640లో బయటికొచ్చి, మరో నలుగురితో కలిసి వేరే కూటం పెట్టింది. తర్వాత బాప్టిస్టు సంఘంగా స్థిరపడిన బ్రాడ్‌మీడ్ సంఘానికి అదే మొదలు. అంతర్యుద్ధంలో 1643లో రాజు సైన్యం బ్రిస్టల్‌ను ముట్టడించినప్పుడు ఆమె, ఇతర స్త్రీలు ఉన్ని బస్తాలూ మట్టీ మోసి నగర ద్వారానికి అడ్డం వేశారు. ఆ రోజుల్లోనే లండన్ కోల్‌మన్ వీధిలో అటవే అనే లేసు అమ్మే ఆమె ప్రసంగాలకు జనం విరగబడి వచ్చేవారు. ఆ సంగతి ఈనాటికి తెలుస్తున్నది ఆమె మిత్రుల వల్ల కాదు. ఇలాంటి పోకడలను తిట్టిపోయడానికి థామస్ ఎడ్వర్డ్స్ 1646లో అచ్చువేసిన గ్యాంగ్రీనా అనే గ్రంథం వల్ల. తొలినాటి బాప్టిస్టు స్త్రీల గొంతు చాలావరకు ఇలా వైరుల రాతల్లోంచే వినాలి.

అమెరికాలో 1755లో నార్త్ కరోలినాలోని శాండీ క్రీక్‌లో వెలసిన సెపరేట్ బాప్టిస్టులు ఇంకో అడుగు వేశారు. వాళ్లలో స్త్రీలు ప్రార్థన నడిపేవారు, ప్రసంగించేవారు. మార్తా స్టెర్న్స్ మార్షల్ పేరు అందులో ముందు వినిపిస్తుంది. స్త్రీ పెద్దలు, స్త్రీ పరిచారకులు కూడా ఉండేవారు. పట్టణాల్లో పలుకుబడి ఉన్న రెగ్యులర్ బాప్టిస్టులతో ఈ సంఘాలు కలిసిపోయాక ఆ ఆచారం అడుగంటింది. మర్యాద పెరిగేకొద్దీ స్త్రీల వాటా తరగడం ఆ తర్వాత కూడా చాలాసార్లు కనిపిస్తుంది.

తాళంచెవి ఎవరి దగ్గర

కెనడాలోని నోవా స్కోషియాకు చెందిన హన్నా మరియా నారిస్ అనే యువతి 1870లో బర్మాకు మిషనరీగా వెళతానని బాప్టిస్టు బోర్డును అడిగింది. బోర్డు దగ్గర డబ్బు లేదు. సంఘాల్లోని స్త్రీలను అడిగి చూడమన్నారు. ఆ మాటను ఆమె అక్షరాలా పట్టుకుంది. ఊరూరూ తిరిగి కొద్ది నెలల్లోనే ముప్పైకి పైగా మహిళా మిషనరీ సంఘాలు పెట్టించి బర్మా వెళ్లింది. ఆమె, భర్త విలియం ఆర్మ్‌స్ట్రాంగ్, వారి తోటి కెనడా మిషనరీలు తర్వాత సయాం దేశంలో పని కుదరక 1875లో తెలుగు నేలకు మళ్లారు. శ్రీకాకుళం, భీమునిపట్నం, బొబ్బిలి బాప్టిస్టు మిషన్లు అలా వచ్చినవే. ఆ మిషనరీల్లో మటిల్డా చర్చిల్ బొబ్బిలిలో దశాబ్దాలపాటు ఉండి ఆడపిల్లలకు బడి నడిపింది.

1871లో బోస్టన్, షికాగో నగరాల్లో అమెరికన్ బాప్టిస్టు మహిళా మిషనరీ సొసైటీలు పుట్టాయి. అప్పట్లో ఇలాంటి మహిళా సొసైటీల పద్ధతి వారానికి రెండు సెంట్లు. ఇంటి ఖర్చులో మిగిల్చి ఒక్కో స్త్రీ ఇచ్చేది అంతే. ఆ చిల్లరతోనే మిషనరీల జీతాలు, బడులు, ఆస్పత్రులు నడిచాయి. ఎవరిని పంపాలి, ఎక్కడికి పంపాలి, ఎంత ఖర్చు పెట్టాలి అన్నది ఆ సొసైటీల స్త్రీలే ఓట్లేసి నిర్ణయించేవారు. పురుషుల బోర్డులు వీళ్లను అనుబంధం అన్నాయి. ఆచరణలో మాత్రం వీళ్లతో మాట్లాడుకుని సర్దుబాటు చేసుకోక తప్పేది కాదు.

తెలుగు మిషను చరిత్ర కూడా ఈ కోణంలో చూస్తేనే పూర్తిగా అర్థమవుతుంది. మిషనరీ శామ్యూల్ డే 1836లో వచ్చి 1840లో నెల్లూరులో స్థిరపడ్డా, ఎన్నో ఏళ్లు ఫలితం అంతంతమాత్రం. మూసెయ్యాలా అని అమెరికాలో చర్చ జరుగుతున్న రోజుల్లో, 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద ఐదుగురు ప్రార్థన చేశారు. ఈనాటికీ అది ప్రార్థన కొండే. ఆ ఐదుగురు మిషనరీ లైమన్ జ్యూవెట్, ఆయన భార్య యుఫీమియా, క్రిస్టియన్ నర్సు అనే ఆయన, జూలియా, రూతు. ముగ్గురు స్త్రీలు, అందులో ఇద్దరు ఈ నేల బిడ్డలు. కొండ పేరు చెప్పినప్పుడు జ్యూవెట్ ఒక్కడినే తలుచుకునే అలవాటు మానుకోవలసినది.

ఆ తర్వాత మిషనరీ జాన్ క్లౌ కాలంలో, కరువు వెన్నంటి వచ్చిన 1878లో, జులై 3న ఒక్కరోజే గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. డిసెంబరు నాటికి ఆ ఏటి లెక్క 9,606కు చేరింది. ఎక్కువ మంది మాదిగ వాడల వాళ్లు. ఆ ఉద్యమానికి ముందు నడిచిన ఎర్రగుంట్ల పేరయ్య క్రైస్తవుడు కాకముందు బండికట్ల వీరమ్మ అనే స్త్రీ గురువు దగ్గర రాజయోగం నేర్చుకున్నవాడు. అంటే స్త్రీ బోధించడం, పురుషుడు శిష్యుడై వినడం ఆ వాడలకు కొత్త కాదు. కొత్తగా చేరిన కుటుంబాల ఇళ్లలోకి వెళ్లి వాక్యం చెప్పిందీ, అక్షరాలు దిద్దించిందీ బైబిలు స్త్రీలు. ఊరు తిరిగి, రోగుల పక్కన కూర్చుని, తగువులు తీర్చి సంఘాన్ని నిలబెట్టినది వాళ్లే. జీతం పట్టికలో పేరుండేది గానీ సంఘ పెద్దల జాబితాలో ఉండేది కాదు.

ఒంగోలుకు ఎమ్మా రౌషన్‌బుష్ వచ్చింది 1882లో, మహిళా సొసైటీ తరఫున. స్విట్జర్లాండులోని బెర్న్ విశ్వవిద్యాలయంలో 1894లో డాక్టరేటు పొందింది. పరిశోధన విషయం స్త్రీల హక్కుల కోసం మొదట్లోనే గొంతెత్తిన మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్. అదే ఏడాది క్లౌను పెళ్లాడింది. మాదిగల కథలను, వారి గురువుల చరిత్రను వారి నోటినుంచే విని 1899లో పుస్తకంగా తెచ్చింది. పేరయ్య, వీరమ్మల సంగతి ఇంత వివరంగా నిలిచింది అందులోనే. ఒంగోలు మిషను బంగళాలో వోల్‌స్టన్‌క్రాఫ్ట్‌ను చదివిన మనిషి ఒకరుండేవారన్నది ఈ ప్రాంత స్త్రీల చరిత్రలో చేరవలసిన విషయం.

స్త్రీల సొంత నిధికి ఉత్తరాది అమెరికాలో దక్కిన గౌరవం 1921లో బయటపడింది. నార్తర్న్ బాప్టిస్టు కన్వెన్షన్ తన అధ్యక్షురాలిగా హెలెన్ బారెట్ మాంట్‌గోమరీని ఎన్నుకుంది. అమెరికాలో ఒక పెద్ద ప్రొటెస్టెంటు శాఖకు స్త్రీ అధ్యక్షురాలు కావడం అదే మొదలు. ఆమె రోచెస్టర్ నగరంలో, స్త్రీల ఓటు హక్కు కోసం పోరాడిన సూసన్ ఆంథొనీతో కలిసి పనిచేసింది, స్కూలు బోర్డుకు ఎన్నికైంది, మహిళా మిషను సొసైటీకి ఏళ్ల తరబడి సారథ్యం వహించింది. గ్రీకు నుంచి కొత్త నిబంధనను తానే అనువదించి 1924లో ప్రచురించింది. ఒక్క సద్గుణంతో ఆ పీఠం రాలేదు. వెనక యాభై ఏళ్ల మహిళా సొసైటీ, దాని లెక్కల పుస్తకాలు, దాని ఓటర్లు ఉన్నారు.

1955లో ఆ మహిళా విదేశీ మిషను సొసైటీ పరిపాలన పురుషుల సొసైటీతో కలిసిపోయింది. ఒకే పనికి రెండు ఆఫీసులెందుకన్నది వాదన. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ అప్పటిదాకా స్త్రీలు మాత్రమే కూర్చున్న బల్ల చుట్టూ ఉన్న కుర్చీలు ఆ తర్వాత ఉమ్మడి కుర్చీలయ్యాయి, వాటిలో స్త్రీల సంఖ్య పలచబడింది. విలీనం అనే మాట విన్నప్పుడల్లా తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందని స్త్రీలు అడగాలనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ బాప్టిస్టు చరిత్రలో లేదు.

నల్లజాతి బాప్టిస్టుల్లో ఇదే పాఠాన్ని నానీ హెలెన్ బరోస్ ముందే చదివింది. 1900లో రిచ్‌మండ్‌లో నేషనల్ బాప్టిస్టు కన్వెన్షన్ ఎదుట నిలబడి, సోదరీమణులను సాయం చెయ్యనివ్వకుండా ఎలా అడ్డుకుంటున్నారో చెప్పింది. అప్పటికి ఆమెకు ఇరవై దాటి ఎంతో కాలం కాలేదు. అక్కడే విమెన్స్ కన్వెన్షన్ ఏర్పడింది. దాని తోడ్పాటుతో 1909లో వాషింగ్టన్‌లో ఆడపిల్లల శిక్షణాలయం తెరిచింది. ఆ బడి ఆస్తి, అజమాయిషీ తమకు అప్పగించాలని కన్వెన్షన్ పురుష నాయకులు దశాబ్దాలపాటు పట్టుబట్టారు. ఆమె ఇవ్వలేదు. బడి నిలిచింది.

ఆగస్టా నుంచి డల్లస్ దాకా

దక్షిణాది కథ వేరు. సదరన్ బాప్టిస్టు కన్వెన్షన్ అమెరికాలో అతిపెద్ద ప్రొటెస్టెంటు శాఖ. ఏటా జరిగే మహాసభకు సంఘాలు పంపే ప్రతినిధులకే అక్కడ ఓటు. 1885లో జార్జియాలోని ఆగస్టా నగరంలో జరిగిన సభకు ఆర్కన్సా రాష్ట్రం తరఫున ఇద్దరు స్త్రీలు ప్రతినిధులుగా వచ్చారు. ఒకరు మేరీ ఈగిల్, భర్త తర్వాతి కాలంలో ఆ రాష్ట్రానికి గవర్నరయ్యాడు. రెండో ఆమె ఎర్లీ అనే నాయకుడి భార్య. వాళ్లు తెచ్చిన పత్రాలు సక్రమం. నిబంధనావళిలో ఉన్నది సభ్యులు అన్న మాట. అందులో స్త్రీలు రారనడానికి వీల్లేదు. సభ గంటలకొద్దీ వాదులాడుకుంది. చివరికి ఆ ఇద్దరూ తప్పుకున్నారు. సభ వెంటనే నిబంధనావళిలో సభ్యులు అన్న మాట కొట్టేసి సోదరులు అని రాసుకుంది. ఆ ఒక్క దిద్దుబాటుతో 33 ఏళ్లపాటు స్త్రీలకు తలుపు మూసుకుపోయింది. 1918లో హాట్ స్ప్రింగ్స్ సభ దాన్ని మళ్లీ మార్చి స్త్రీలకు ఓటిచ్చింది. దేశం స్త్రీలకు రాజ్యాంగ సవరణతో ఓటు హక్కు ఇచ్చింది మరో రెండేళ్లకు, 1920లో.

ఆగస్టా సభ జరిగిన మూడేళ్లకు, 1888లో, దక్షిణాది స్త్రీలు రిచ్‌మండ్‌లో విమెన్స్ మిషనరీ యూనియన్ పెట్టుకున్నారు. సమావేశమైంది ఒక మెథడిస్టు చర్చిలో. దాని తొలి కార్యదర్శి ఆనీ ఆర్మ్‌స్ట్రాంగ్ పద్దెనిమిదేళ్లు జీతం తీసుకోకుండా పనిచేసింది. మగవాళ్లున్న సభలో మాట్లాడటం ఆమెకు సమ్మతం కాదు. అయినా ఆ యూనియన్ డబ్బు మీద ఆమె మాటే మాట. యూనియన్ పుట్టిన ఏడాదే, చైనాలో మిషనరీగా ఉన్న లాటీ మూన్ అభ్యర్థన మీద క్రిస్మస్ కానుక పట్టారు. 3,315 డాలర్లు వచ్చాయి. లాటీ మూన్ పేరు మీద నేటికీ సాగుతున్న ఆ కానుక ఇటీవల ఏటా 20 కోట్ల డాలర్లు దాటింది. ఈ మూన్‌ను త్యాగమూర్తిగా కొలిచేవారు మరిచేది ఒకటుంది. 1885లో చైనా మిషను సమావేశాల్లో స్త్రీ మిషనరీలకు ఓటు లేకుండా చేసే ఆలోచన బోర్డు చేసినప్పుడు, న్యాయం ప్రకారం స్త్రీలకు సమాన హక్కు ఉండాలని, లేదంటే రాజీనామా చేస్తానని ఆమె రాసింది.

ఓటు వచ్చాక తగవు వేదిక మీదికి మళ్లింది. 1964 ఆగస్టు 9న నార్త్ కరోలినా డరం నగరంలోని వాట్స్ స్ట్రీట్ సంఘం ఆడీ డేవిస్‌ను పాస్టరు సేవకు అభిషేకించింది. సదరన్ బాప్టిస్టుల్లో ఆమే మొదటి స్త్రీ. దక్షిణాదిలో ఏ సంఘమూ పాస్టరుగా పిలవకపోతే ఉత్తరాన వెర్మాంట్ వెళ్లి అక్కడి సంఘానికి సేవ చేసింది. 1984లో కాన్సస్ సిటీ మహాసభ స్త్రీల అభిషేకం వద్దని తీర్మానం చేసింది. ఏదెనులో ముందు పాపంలో పడింది స్త్రీ అన్న కారణం కూడా అందులో రాసింది. సంఘం స్వతంత్రం కాబట్టి ఆ తీర్మానం ఎవరినీ కట్టిపడెయ్యలేదు. 2000లో విశ్వాస ప్రకటననే సవరించి పాస్టరు పదవి పురుషులకే అని చేర్చారు. 2023లో కాలిఫోర్నియాలోని శాడిల్‌బ్యాక్, లూయీవిల్‌లోని ఫెర్న్ క్రీక్ సంఘాలను స్త్రీ పాస్టర్లున్నారన్న కారణంతో సహవాసం నుంచి తప్పించారు. ఏ హోదాలోనైనా స్త్రీ పాస్టరున్న సంఘం చెల్లదని నిబంధనావళిలోనే రాయాలన్న సవరణ మాత్రం గట్టెక్కలేదు. మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. 2024లో ఇండియానాపోలిస్‌లో సుమారు 61 శాతం వచ్చాయి. 2025లో డల్లస్‌లోనూ అంతే.

ఇది పదవుల పంచాయితీ మాత్రమే అనుకుంటే పొరపాటు. 2019లో టెక్సస్ పత్రికలు సదరన్ బాప్టిస్టు సంఘాల్లో ఇరవై ఏళ్లలో జరిగిన లైంగిక అఘాయిత్యాలను బయటపెట్టాయి. బాధితులు 700 మందికి పైనే. ఎన్నో ఏళ్లుగా వాళ్లు, ముఖ్యంగా స్త్రీలు, ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు. ఆ ఉత్తరాలు చేరిన గదుల్లో నిర్ణయం చేసేది పురుషులే. 2021లో నాష్‌విల్ మహాసభకు వచ్చిన మామూలు ప్రతినిధులు, స్త్రీలూ పురుషులూ, కార్యవర్గాన్ని పక్కనపెట్టి స్వతంత్ర విచారణకు ఓటేశారు. మరుసటేడు వచ్చిన నివేదిక, ఆరోపణలున్న పాస్టర్ల జాబితాను కార్యాలయం రహస్యంగా ఉంచుకుందని చెప్పింది. 1885లో ఆగస్టాలో నిరాకరించిన ఓటుకున్న విలువ నాష్‌విల్‌లో తెలిసింది.

బ్రిటన్‌లో దారి వేరుగా సాగింది. అక్కడ 1920ల నుంచే స్త్రీలను పాస్టర్లుగా అంగీకరించారు. 2013లో లిన్ గ్రీన్ బాప్టిస్టు యూనియన్‌కు తొలి మహిళా ప్రధాన కార్యదర్శి అయింది.

సర్వసభ్య సమావేశం రోజున

నియమావళిలో ఓటుండి కూడా స్త్రీ మాట ఎక్కడ జారిపోతుందో చూడాలంటే సంఘపు సర్వసభ్య సమావేశం నడిచే తీరు చూడాలి. ఆరాధన ముగిశాక కమిటీ వాళ్లు కూర్చోండి అంటారు. పిల్లలకు అన్నం పెట్టాలి కాబట్టి స్త్రీలు సగంమంది లేస్తారు. కోరం మిగిలినవాళ్లతో సరిపోతుంది. సెక్రటరీ మినిట్స్ చదువుతాడు, ట్రెజరర్ లెక్క చెబుతాడు. తీర్మానం ప్రతిపాదించడానికి ఒకరు, బలపరచడానికి ఒకరు కావాలి. ముందు వరసలో ఉన్న పురుషులే ఆ రెండూ చేస్తారు. ఆమోదమేనా అంటే ఆమోదమే అంటారు. చేతులు లెక్కపెట్టే అవసరమే రాదు. కొత్త కమిటీకి పేర్లు అప్పటికే ఎవరింట్లోనో తయారై ఉంటాయి. ఎవరూ స్త్రీని వద్దనలేదు, అయినా ఆమె మాట పుస్తకంలో ఎక్కలేదు.

తెలుగు సంఘాల్లో స్త్రీల సమాజానికి ఉన్న బలం చిన్నది కాదు. అన్నం వండేటప్పుడు గుప్పెడు బియ్యం తీసి వేరే కుండలో దాచి మందిరానికి తెచ్చే ఆచారం పాతది. బోస్టన్ స్త్రీల రెండు సెంట్లకు అది ఏమాత్రం తీసిపోదు. ఆ బియ్యం డబ్బు, స్త్రీల కానుక, ఉపవాస కూటాల చందా ఏ ఖాతాలో పడుతుంది, ఎవరి సంతకంతో బయటికొస్తుంది అన్నది సంఘానికొక తీరుగా ఉంటుంది. అమెరికన్ మిషను వారసత్వంగా వచ్చిన సమావేశం ఆఫ్ తెలుగు బాప్టిస్టు చర్చెస్, కెనడా మిషను వారసత్వంగా వచ్చిన కన్వెన్షన్ ఆఫ్ బాప్టిస్టు చర్చెస్ ఆఫ్ నార్తర్న్ సర్కార్స్, రెండింటి కిందా బడులు, ఆస్పత్రులు, స్థలాలు ఉన్నాయి. వాటిలో చాలావాటి పునాదిలో మహిళా సొసైటీల డబ్బుంది. ఆ ఆస్తుల గురించి నిర్ణయించే బోర్డుల్లో స్త్రీలకు ఎన్ని స్థానాలన్న ప్రశ్నకు ఈ చరిత్ర ఇచ్చే బలం ఇంతా అంతా కాదు.

పొరుగున ఉన్న దక్షిణ ఇండియా సంఘంలో 2013 సెప్టెంబరులో పుష్పలలిత నంద్యాల బిషప్పుగా అభిషిక్తురాలైంది. భారతదేశంలో ఆ సంఘానికి ఆమే తొలి మహిళా బిషప్పు. బిషప్పుల పద్ధతిలో సినడ్ ఒకసారి సరేనంటే అన్ని డయాసిస్‌లకూ దారి తెరుచుకుంటుంది. బాప్టిస్టు పద్ధతిలో అలా ఒక్కసారిగా ఏదీ మారదు. ప్రతి సంఘమూ తనకు తానే నిర్ణయించుకోవాలి. అందుకే మార్పు నెమ్మది. అదే కారణంగా, స్త్రీలను కమిటీలోకి తీసుకోవడానికో, కానుకల ఖాతాలో రెండో సంతకం స్త్రీల సమాజం అధ్యక్షురాలికి ఇవ్వడానికో, కోరంలో స్త్రీల సంఖ్య కూడా ఇంత ఉండాలని నియమావళిలో రాసుకోవడానికో పైనుంచి ఉత్తర్వు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. నోటీసు ఇచ్చి, సభ పిలిచి, చేతులు లెక్కపెట్టి మినిట్స్‌లో రాయించుకుంటే సరిపోతుంది.